ఫ్యాన్ కొనే ముందు ఒకసారి పైకి చూడండి



మాది కాట్రేనికోన. మా అమ్మాయి పదో తరగతి, అబ్బాయి ఐదో తరగతి. ఇద్దరూ పొద్దున్నే స్కూల్ బస్సెక్కి ముమ్మిడివరం మీదుగా అమలాపురం వస్తారు. సాయంత్రం చీకటి పడే వేళకి ఇల్లు చేరతారు. ఈ పత్రికలో మీరు పిల్లల చదువు గురించి, తిండి గురించి, సెల్‌ఫోన్ గురించి చాలాసార్లు చదివి ఉంటారు. నేను సీలింగ్ ఫ్యాన్ గురించి రాస్తున్నాను. నవ్వుకోకండి. మన పిల్లలు ఇంట్లో ఉన్నంతసేపూ, చదువుతున్నా నిద్రపోతున్నా, వాళ్ల తల మీద తిరుగుతూ ఉండేది అదే. దాని విషయంలో నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదనే ఈ నాలుగు మాటలు.

అమ్మాయి చెప్పింది, నేను వినలేదు

సంక్రాంతి సెలవులు అయిపోయిన కొత్తలో ఒక రాత్రి అమ్మాయి వచ్చి, "నాన్నా, నా గదిలో ఫ్యాను టిక్కుటిక్కుమంటోంది" అంది. "ఒక పాయింటు తగ్గించుకో అమ్మా" అన్నాను. పది రోజులు పోయాక, "ఊగుతోంది నాన్నా" అంది. "ఫ్యానన్నాక కాస్త ఊగదా?" అన్నాను. ఇంకొన్నాళ్లకి, "పుస్తకం మీద నీడ తిరుగుతోంది, తలనొప్పి వస్తోంది" అంది. దానికి నేనన్న మాట రాయాలంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది. "చదువు మీద ధ్యాస ఉంటే నీడెందుకు కనిపిస్తుంది?" అన్నాను.

ఆ తర్వాత అమ్మాయి ఫ్యాన్ గురించి మాట్లాడలేదు. సమస్య తీరిపోయిందనుకున్నాను.

ఫిబ్రవరి చివరికల్లా మా వైపు ఉక్కపోత మొదలవుతుంది. సముద్రం దగ్గర, చుట్టూ కాలవలు, చెరువులు. గాలి నిండా తేమే. పట్టిన చెమట ఆరదు. పరీక్షలు దగ్గర పడ్డాయి. అమ్మాయి రాత్రి పదకొండు దాకా చదువుతోంది, పొద్దున్న లేచేసరికి మొహం వాడిపోయి ఉంటోంది. "ఆ గదికి కొత్త ఫ్యాన్ తెండి, పిల్లకి నిద్ర చాలడం లేదు" అని మా ఆవిడ గట్టిగా పట్టుబట్టింది. సరే, పరీక్షల ముందు బహుమతిగా ఉంటుంది, రిమోట్ ఉన్నది కొందామని అమలాపురం బయలుదేరాను.

షాపులో నేర్చుకున్నది

షాపులో ఫ్యాన్లు వరసగా వేలాడుతూ ఉంటే మనం ముందు చూసేది రంగు. నేనూ అంతే. అయితే కౌంటర్ దగ్గర ఉన్న కుర్రాడు ఓపికస్తుడు. "ముందు గది కొలత చెప్పండి సార్" అన్నాడు. గది కొలత లేకుండా ఫ్యాన్ కొనడం, కాలు కొలత లేకుండా చెప్పులు కొనడం లాంటిదేనట.

ఫ్యాన్ సైజు అంటే రెక్కలు తిరిగే గుండ్రం అడ్డకొలత. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది 1200 మిల్లీమీటర్లది, అంటే 48 అంగుళాలు. పది అడుగులకు పన్నెండు అడుగుల గదికి అది సరిపోతుంది. వంటిల్లు, చిన్న గది లాంటి చోట్లకు 900 మిల్లీమీటర్లది చాలు. ఇరవై అడుగుల పొడవున్న హాలుకి ఒకే పెద్ద ఫ్యాన్ కన్నా దూరదూరంగా రెండు ఫ్యాన్లు పెట్టుకోవడం మేలు. గాలి అందరికీ అందుతుంది, ఎవరూ లేని వైపు ఆపేసుకోవచ్చు.

తర్వాత చూడాల్సింది కరెంటు. పాత రకం ఫ్యాన్ ఫుల్ స్పీడులో 75 వాట్ల దాకా లాగుతుంది. ఇప్పుడొస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ అదే గాలికి 30 వాట్ల దగ్గర ఆగుతుంది. తేడా 45 వాట్లు. రోజుకి 15 గంటలు తిరిగితే నెలకి 20 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ ఆరు రూపాయల స్లాబులో ఉన్న ఇంటికి నెలకి 120 రూపాయలు. ఈ ఫ్యాన్ ధర మామూలు దాని కన్నా వెయ్యి, పదిహేను వందలు ఎక్కువే. ఏడాది, ఏడాదిన్నరలో ఆ తేడా బిల్లులోనే వచ్చేస్తుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఇంకో లాభం ఉంది. ఫ్యాన్లు మాత్రమే నడిపితే అదే బ్యాటరీ రెండు రెట్లకు పైగా ఎక్కువసేపు వస్తుంది. గాలివానకి గంటల తరబడి కరెంటు పోయే మా ఊళ్లాంటి చోట ఇది చిన్న విషయం కాదు.

డబ్బా మీద రెండు గుర్తులు చూసుకోమన్నాడు ఆ కుర్రాడు. ఒకటి ఐ.ఎస్.ఐ. ముద్ర, దాని దగ్గర ఐ.ఎస్. 374 అనే నంబరు. సీలింగ్ ఫ్యాన్ల ప్రమాణం అది. రెండోది బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వారి నక్షత్రాల స్టిక్కరు. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు ఈ స్టిక్కరు తప్పనిసరి. దాని మీద ఫ్యాన్ నిమిషానికి ఎంత గాలి తోస్తుందో, ఎన్ని వాట్లు వాడుతుందో ఉంటాయి. గాలి అంకెని వాట్లతో భాగిస్తే వచ్చేదాన్ని సర్వీస్ వాల్యూ అంటారు. అది ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిది. అబ్బాయి ఐదో తరగతి భాగహారాలు చేస్తున్నాడు కాబట్టి ఇంటికొచ్చాక ఆ లెక్క వాడి చేతే చేయించాను. మీరూ ప్రయత్నించండి, పుస్తకంలో లెక్క కన్నా సరదాగా చేస్తారు.

సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లకి ఇంకో జాగ్రత్త. ఉప్పుగాలికి ఇనుప రెక్కలు త్వరగా తుప్పు పడతాయి. అల్యూమినియం రెక్కలు నయం. స్క్రూలు కూడా స్టెయిన్‌లెస్ స్టీలువి అడిగి తీసుకోండి.

ఇవన్నీ చూసి, లేత గోధుమరంగు ఫ్యాన్ ఒకటి కొన్నాను. చాలా తెలివిగా కొన్నాననుకుంటూ ఇంటికొచ్చాను. ఇంతసేపూ నేను అడగని ప్రశ్న ఒకటుంది. దీన్ని దేనికి వేలాడదీస్తాం?

నిచ్చెన మీద నుంచి వచ్చిన మాట

మా ఊళ్లో వైరింగ్ పని చేసే పెద్దాయన ఒకరున్నారు. మా నాన్నగారి రోజుల నుంచీ మా ఇంటి పని ఆయనదే. నాకు వరస కాదు గానీ బాబాయ్‌గారూ అనే పిలుస్తాను. మర్నాడు ఆదివారం ఆయన వచ్చారు. అమ్మాయి గదిలో మంచం జరిపి నిచ్చెన వేశాం. ఆయన ఎక్కి, ఫ్యాన్ పైన గిన్నెలా ఉండే ప్లాస్టిక్ మూత కిందికి దింపారు. టార్చి వేసి చూశారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"అబ్బాయ్, ఈ ఫ్యాను ఎన్నాళ్ల నుంచి ఊగుతోందిరా?" అన్నారు.

"రెండు నెలలుగా చెబుతోందండీ మా అమ్మాయి."

"చెబుతూంటే నువ్వేం చేశావ్?"

నా దగ్గర సమాధానం లేదు. "ఎక్కి చూడు" అని ఆయన దిగారు. ఎక్కాను. శ్లాబులోంచి దిగిన హుక్కు చుట్టూ సిమెంటు పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. వేలితో తాకితే ఎర్రటి తుప్పు పొడి రాలింది. ఇల్లు కట్టినప్పుడు చిటికెన వేలంత లావున్న కడ్డీ, ఫ్యాన్ రాడ్డు రాసుకునే చోట పెన్సిల్ కన్నా సన్నబడి ఉంది. ఆ రాపిడిదే అమ్మాయి చెప్పిన టిక్కుటిక్కు శబ్దం.

నాలుగు కిలోల బరువు. నిమిషానికి 350 చుట్లకు పైగా తిరుగుతుంది. 1200 మిల్లీమీటర్ల ఫ్యాన్‌కి రెక్క చివర వేగం గంటకు 80 కిలోమీటర్లు దాటుతుంది. మోటార్ సైకిల్ మీద నేను ఆ వేగంతో వెళితే మా అమ్మ ఊరుకోదు. అది మా అమ్మాయి మంచానికి సరిగ్గా పైన ఉంది. నిచ్చెన మీదే నా కాళ్లు వణికాయి.

దిగి చూస్తే గచ్చు మీద మంచం కాళ్లు ఈడ్చిన గీతలు కనిపించాయి, మధ్య నుంచి గోడ దాకా. అవి ఇప్పుడు మేం జరిపినప్పుడు పడ్డవి కావు. మా ఆవిడని అడిగాను. "మీకు తెలీదా? నెల రోజులుగా అది రాత్రి పడుకునే ముందు మంచం గోడ వారకి లాక్కుంటోంది, పొద్దున్నే మళ్లీ మధ్యకి జరుపుతోంది. గోడ వార గాలి తగలదు కదా, అందుకే నిద్ర పట్టడం లేదు" అంది.

పిల్ల మూడుసార్లు చెప్పింది. నేను పెడచెవిన పెట్టాను. నాలుగోసారి చెప్పడం మానేసి, తన దారి తాను చూసుకుంది. భయంతో గోడ వారకి జరిగి, చెమటలు కక్కుతూ పడుకుంది. నాకు హుక్కు చూసినప్పుడు భయం వేసింది గానీ, ఆ గీతలు చూసినప్పుడు మనసు చివుక్కుమంది. ఇంకే విషయాలు ఇలా చెప్పడం మానేసిందో నాకేం తెలుసు?

తుప్పు ఎక్కడి నుంచి వచ్చింది

ఈ ఇంటి కథ కొంచెం చెప్పాలి. 1996 నవంబర్ 6న వచ్చిన తుఫాను కోనసీమలో ఎవరూ మరిచిపోరు. అప్పుడు నేను పదో తరగతి. మాది పెంకుటిల్లు. ఆ రాత్రి గాలికి పెంకులు ఒక్కొక్కటీ లేచిపోతూంటే మా నాన్నగారు మమ్మల్ని మంచం కింద దాచారు. తెల్లారేసరికి దూలాలు మిగిలాయి గానీ కప్పు లేదు. కొబ్బరితోట నేలమట్టం. మా మండలంలోనే బలుసుతిప్ప లాంటి ఊళ్ల నుంచి వేటకెళ్లిన ఎందరో తిరిగి రాలేదు. ఇక ఈ పిల్లల నెత్తి మీద ఎగిరిపోయే కప్పు ఉండకూడదని నాన్నగారు అప్పు చేసి రెండేళ్లలో డాబా వేశారు. ఆ శ్లాబులో పోసిన హుక్కే ఇది.

తుఫానుకి ఎగిరిపోని ఇల్లు కట్టారు. కానీ అప్పట్లో పనికి మా బోరు నీళ్లే వాడాం. అవి కాస్త ఉప్పగా ఉండేవి. కాంక్రీటులో ఉప్పు చేరితే లోపలి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు, ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే అది లోపలి నుంచి తోసి సిమెంటుని పగలగొడుతుంది. పైగా ఉప్పుగాలి ఎలాగూ ఉంది. గోడ మీద, శ్లాబు అడుగున ఎర్రటి చారలు కనిపించినా, పెచ్చులు ఊడినా దాని అర్థం ఇదే. మనం ఏం చేస్తాం? పండక్కి ముందు కాస్త సిమెంటు పూసి సున్నం వేయిస్తాం. పైకి బాగుంటుంది, లోపల తుప్పు తన పని తాను చేసుకుంటూ పోతుంది.

మీ ఇల్లు కొత్త అపార్టుమెంటు కావచ్చు. ఉప్పునీళ్ల సమస్య లేకపోవచ్చు. అయినా హుక్కు ఎవరు పెట్టారో, ఎలా పెట్టారో మనం చూసి ఉండం. ఫాల్స్ సీలింగ్ ఉన్న ఇళ్లలో అయితే అసలు కనిపించదు. ఫ్యాన్ ఎప్పుడూ అసలు శ్లాబుకే వేలాడాలి, ఫాల్స్ సీలింగుకి కాదు. ఈ మాట మేస్త్రిని అడిగి తెలుసుకోండి.

బియ్యం బస్తా పరీక్ష

బాబాయ్‌గారు పాత హుక్కు వాడటానికి ఒప్పుకోలేదు. సుత్తితో శ్లాబంతా మెల్లగా తట్టుకుంటూ వెళ్లారు. డొల్ల శబ్దం వచ్చిన చోట వద్దన్నారు. గట్టి శబ్దం వచ్చిన చోట, పాత హుక్కుకి అడుగున్నర ఇవతల, డ్రిల్ చేసి యాంకర్ బోల్టులతో కొత్త క్లాంప్ బిగించారు. పెచ్చులు ఊడిన చోట కడ్డీల తుప్పు గీకి, తుప్పు ఆపే మందు పూసి, తర్వాతే మెత్తించాలని, ఆ పని తెలిసిన తాపీ మేస్త్రిని పిలవమని చెప్పారు.

అప్పుడు నేను ఫ్యాన్ డబ్బా విప్పబోతే ఆపారు. "వంటింట్లో బియ్యం బస్తా ఉందా?" అన్నారు. 25 కిలోల బస్తా తెచ్చాం. దాన్ని తాడుతో క్లాంప్‌కి వేలాడదీశారు. "ఇవాళ రాత్రంతా ఇలాగే ఉండనీ. నాలుగు కిలోల ఫ్యాను మోయాలంటే పాతిక కిలోలు మోయగలగాలి. ఎవరూ దాని కింద పడుకోవద్దు" అన్నారు.

ఆ రాత్రి పిల్లలిద్దరూ హాల్లో మామ్మ దగ్గర పడుకున్నారు. మా అమ్మ తాటాకు విసనకర్ర తీసి, "మీ నాన్నని ఇలాగే విసిరి పెంచాను" అంటూ ఇద్దరికీ విసిరింది. గదిలో బియ్యం బస్తా ఒక్కటే వేలాడుతోంది. మా అబ్బాయి మూడుసార్లు లేచి వెళ్లి తొంగి చూశాడు. మర్నాడు పొద్దున్న బాబాయ్‌గారు వచ్చి చూశారు. బోల్టు దగ్గర వెంట్రుక వాసి కూడా కదలిక లేదు. "ఇప్పుడు తే నీ రిమోటు ఫ్యాను" అన్నారు.

బిగించేటప్పుడు గమనించినవి

ఫ్యాన్ బిగించడం మనం చేసే పని కాదు, తెలిసినవాళ్ల చేతే చేయించాలి. కానీ పక్కన నిలబడి చూడటం మన పని. నేను చూసినవి, అడిగి తెలుసుకున్నవి చెబుతాను.

మొదటిది, మెయిన్ ఆపినంత మాత్రాన కరెంటు పోయినట్టు కాదు. ఇన్వర్టర్ లైన్‌లో ఉంటుంది. బాబాయ్‌గారు మెయిన్ ఆపి, ఇన్వర్టర్ ఆపి, ఆ తర్వాత కూడా టెస్టర్ పెట్టి చూసి గానీ వైరు ముట్టుకోలేదు.

రెండోది, ఎర్త్ వైరు. మా పాత వైరింగులో ఫ్యాన్‌కి రెండు వైర్లే వచ్చేవి. ఆకుపచ్చ ఎర్త్ వైరు లేదు. ఫ్యాన్ బాడీకి ఎప్పుడైనా కరెంటు తగిలితే, దుమ్ము తుడిచేవాళ్లకి షాక్ కొడుతుంది. ఆయన స్విచ్ బోర్డు నుంచి కొత్తగా ఎర్త్ వైరు లాగారు. కరెంటు లీకైతే క్షణంలోనే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ కూడా మెయిన్ దగ్గర పెట్టించుకోమన్నారు. పిల్లలున్న ఇంట్లో అది ఉండి తీరాలట.

మూడోది, రెగ్యులేటరు. బీఎల్‌డీసీ ఫ్యాన్‌కి గోడ మీది పాత రెగ్యులేటరు వాడకూడదు. దాన్ని తీసేసి నేరుగా స్విచ్చుకి కలపాలి. స్పీడు సంగతి రిమోట్ చూసుకుంటుంది. ఈ మాట తెలియక రెగ్యులేటరుతో తిప్పి, ఫ్యాన్‌లోని సర్క్యూట్ పాడుచేసుకునేవాళ్లున్నారు.

నాలుగోది, ఎత్తు. రెక్కలకీ శ్లాబుకీ మధ్య కనీసం ఒక అడుగు ఉండాలి, లేకపోతే పై నుంచి గాలి అందదు, తిరుగుతుంది గానీ గాలి రాదు. కింద నేలకి ఎనిమిది అడుగుల దాకా ఉండాలి. పిల్లలకి రెండంతస్తుల మంచం కొంటే ఈ కొలత మళ్లీ చూసుకోండి. పై మంచం మీద పిల్లాడు చేతులెత్తి ఒళ్లు విరుచుకుంటే ఏమవుతుందో ఊహించుకోండి.

ఐదోది, పిన్ను. రాడ్డుకి వేసిన బోల్టు ఊడిపోకుండా దాని చివర చీలిక పిన్ను ఒకటి ఉంటుంది. అది పెట్టి, రెండు కొనలూ విడదీసి వంచాలి. అర్ధ రూపాయి చేయని ఆ పిన్నే ఫ్యాన్‌ని పట్టుకుని ఉంటుంది. డబ్బాలో సేఫ్టీ వైరు ఇస్తే దాన్ని పారేయకుండా కట్టించుకోండి.

ఇక నీడ సంగతి. మా అమ్మాయి గదిలో ట్యూబ్‌లైటు ఫ్యాన్ రెక్కల కన్నా పైన ఉంది. వెలుతురు తిరిగే రెక్కల మధ్య నుంచి వచ్చి పుస్తకం మీద పడుతోంది. అందుకే పేజీ మీద నీడ మినుకుమినుకుమంటూ కదులుతుంది. అలాంటి వెలుగులో గంటల తరబడి చదివితే పెద్దవాళ్లకైనా తల దిమ్మెక్కుతుంది. లైటుని రెక్కల కన్నా కిందికి, చదివే బల్ల పక్క గోడకి మార్చాం. అరగంట పని. "చదువు మీద ధ్యాస" గురించి నేను ఉపన్యాసం ఇచ్చిన సమస్య ఒక గజం వైరుతో తీరిపోయింది.

మామ్మ గది

అంతా అయ్యాక కొత్త ఫ్యాన్ వేశాం. శబ్దం లేదు, ఊపు లేదు. అమ్మాయిని పిలిచి, "తప్పు నాదే తల్లీ, నువ్వు చెప్పినప్పుడే చూడాల్సింది" అన్నాను. మా నాన్నగారు నాతో ఎప్పుడూ అలా అనలేదు. నాకూ అలవాటు లేని మాట. అది కాసేపు పైకి చూసి, "మామ్మ గదిలో హుక్కు కూడా చూడమను నాన్నా" అంది.

చూశాం. అక్కడ హుక్కు బాగానే ఉంది గానీ, బోల్టుకి పిన్ను లేదు. ఎప్పుడో సర్వీసుకి దింపినప్పుడు మళ్లీ పెట్టడం మరిచిపోయినట్టున్నారు. బోల్టు సగం బయటికి వచ్చి ఉంది. బాబాయ్‌గారు జేబులోంచి పిన్ను తీసి పెడుతూ, "మీ అమ్మాయి చెప్పకపోతే మీ అమ్మగారి సంగతి ఏమయ్యేదిరా?" అన్నారు. మా అమ్మ కింద కూర్చుని, "నా మనవరాలు" అంది, అంతే.

మీకు నా మనవి

ఈ పత్రిక చదివిన రోజు రాత్రి ఒక పావుగంట కేటాయించండి. ఇంట్లో ఉన్న ప్రతి ఫ్యాన్ కిందా నిలబడండి. నడుస్తున్నప్పుడు శబ్దం వినండి, ఊపు చూడండి. ఆపి, పైన శ్లాబు మీద పగుళ్లు, ఎర్రటి చారలు ఉన్నాయేమో చూడండి. ఐదేళ్లు దాటిన ఫ్యాన్ అయితే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మూత దింపించి హుక్కు, బోల్టు, పిన్ను, రబ్బరు బుష్ చూపించండి. ఫ్యాన్ నెమ్మదించిందని వెంటనే మార్చేయకండి, పాత రకం వాటిలో చాలాసార్లు కెపాసిటర్ మారిస్తే మళ్లీ మామూలుగా తిరుగుతుంది. రెక్కల మీద పేరుకున్న దుమ్ము కూడా గాలిని తగ్గిస్తుంది. ఫ్యాన్ ఆపి, పాత దిండు గలీబు రెక్కకి తొడిగి వెనక్కి లాగితే దుమ్మంతా గలీబులోనే పడుతుంది, పిల్లల మంచం మీద పడదు.

ఇంకో మాట పిల్లలకి చెప్పండి. ఫ్యాన్ గదిని చల్లబరచదు. మన ఒంటి చెమటని ఆరబెడుతుంది, అందుకే మనకి చల్లగా అనిపిస్తుంది. గదిలో ఎవరూ లేనప్పుడు అది తిరిగితే ఎవరికీ ఉపయోగం లేదు. ఇది అర్థమైన రోజు నుంచి మా అబ్బాయి ఇల్లంతా తిరిగి స్విచ్చులు ఆపుతున్నాడు. ఒకసారి నేను గదిలో ఉండగానే ఆపేశాడు.

చివరగా, ఫ్యాన్ కాకపోయినా సరే. ఈ రెండు మూడు నెలల్లో మీ పిల్లలు రెండుసార్లు చెప్పి, మూడోసారి చెప్పడం మానేసిన చిన్న విషయం ఏదైనా ఉందేమో గుర్తు చేసుకోండి. బస్సులో సీటు కావచ్చు, బిగుతైన బూటు కావచ్చు, బోర్డు మీద అక్షరాలు మసగ్గా కనిపించడం కావచ్చు. గుర్తు రాకపోతే వాళ్లనే అడగండి. నేను అడిగాను. మా అమ్మాయి దగ్గర ఇంకో నాలుగు విషయాలున్నాయి. ఒక్కొక్కటీ చూస్తున్నాను.